ఉప్పుగాలిలో మగ్గిన వీడియో గేమ్ పెట్టెను ఇంట్లోనే బాగు చేసుకోవడం ఎలా?

పాత వీడియో గేమ్ పెట్టె, అంటే షాపుల్లో కాయిన్ వేసి ఆడిన ఆర్కేడ్ క్యాబినెట్, ఇంటికి వచ్చిన రోజునే ప్లగ్గు పెట్టి స్విచ్ వేయకండి. ఏళ్ల తరబడి ఏ గోడౌన్‌లోనో, మూతపడ్డ షాపు వెనక గదిలోనో పడి ఉన్న సామాను అది. లోపల తేమ ఉంటుంది, బొద్దింకలు ఉంటాయి, ఎలుకలు కొరికిన వైర్లు ఉంటాయి. అన్నేళ్లు కరెంటు చూడని కెపాసిటర్లకు ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే, అప్పటిదాకా బాగున్న పార్టులు కూడా పోతాయి. ఎలాగూ ఇన్నేళ్లు ఆగింది, ఇంకో పది రోజులు ఆగుతుంది.

ఇది విశాఖపట్నంలో ఉండి ఈ పని చేయాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. ఇదే పెట్టె హైదరాబాద్‌లో పడి ఉంటే దాని జబ్బు వేరు, మన దగ్గర పడి ఉంటే వేరు. పెదవాల్తేరులో బాల్కనీ గ్రిల్లుకు వేసిన రంగు రెండేళ్లకే పొక్కులు లేచి ఊడిపోతుంది కదా, ఆ ఉప్పుగాలి పెట్టె లోపలికీ వెళ్తుంది. అందుకే ఇక్కడ పార్టులు చచ్చిపోవడం తక్కువ, పార్టుకీ పార్టుకీ మధ్య కాంటాక్టు పోవడం ఎక్కువ. ఏ పార్టయినా మార్చే ముందు దాని కాంటాక్టులు శుభ్రం చేసి చూడాలి. ఈ ఒక్క పద్ధతి పట్టుకుంటే డబ్బూ మిగులుతుంది, పెట్టె అసలు రూపమూ మిగులుతుంది. గేమ్ రాలేదని పాత బోర్డు పీకేసి, పిక్చర్ ట్యూబు తీసేసి, ఎల్‌సీడీ మానిటరూ వెయ్యి గేముల చైనా బోర్డూ పెట్టి రీస్టోర్ చేశామంటున్నారు కొందరు. అలా ఖాళీ అయిన పెట్టెను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాటిలో చాలావరకు తుడిస్తే లేచేవే.

కొనే ముందు చూడాల్సినవి

మన వైపు దొరికేవి ఎక్కువగా తొంభైల్లో ఇక్కడే ప్లైవుడ్‌తో చేయించిన పెట్టెలు. లోపల 20, 21 అంగుళాల టీవీ ట్యూబు, ఒక గేమ్ బోర్డు, ఒక పవర్ సప్లై, అంతే. జపాన్ నుంచి వచ్చిన ఒరిజినల్ క్యాబినెట్ దొరకడం అరుదు. దొరికితే అది 100 వోల్టులది అన్న సంగతి గుర్తుంచుకోండి, నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. అమెరికావి 110 నుంచి 120 వోల్టులవి.

వెళ్లేటప్పుడు టార్చి, స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లండి. వెనక తలుపు తీయించి ముందు ట్యూబు మెడ వైపు చూడండి. మెడ దగ్గర గాజు లోపలివైపు వెండి రంగులోనో, నల్లగానో అద్దంలా మెరిసే మచ్చ ఉంటుంది. అది అలాగే ఉంటే ట్యూబులో వ్యాక్యూమ్ ఉన్నట్టు. పాలలా తెల్లబడితే లోపలికి గాలి వెళ్లిపోయింది, ఆ ట్యూబు ఇక వెలగదు. ఈ ఒక్క మచ్చ చూసి ధర మాట్లాడుకోవచ్చు.

తర్వాత పెట్టె అడుగు. కింది నాలుగు అంగుళాల చెక్కను స్క్రూడ్రైవర్‌తో నొక్కండి. మెత్తగా దిగిపోతే తడికి నానిందనో, చెదలు పట్టిందనో అర్థం. చెక్క మార్చుకోవచ్చు, భయం లేదు. కానీ మట్టి గీత పైదాకా కనిపిస్తే, అంటే బోర్డు ఎత్తువరకు నీళ్లు నిలిచిన గుర్తు ఉంటే, బాగా ఆలోచించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో ఎన్ని సామాన్లు తడిసిపోయాయో మనందరికీ తెలుసు. అలాంటివి ఇప్పటికీ అమ్మకానికి రావచ్చు.

టాటా ఏస్‌లో తెచ్చుకునేటప్పుడు నిలబెట్టే తేవాలి, తాళ్లతో గట్టిగా కట్టించాలి. కనీసం ఇద్దరు సాయం కావాలి. మొదలుపెట్టడానికి జనవరి నుంచి మే వరకు మంచి కాలం. వానల్లో, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు తుఫాన్ల రోజుల్లో బోర్డులు కడిగే పని పెట్టుకోకండి, ఆరవు.

దగ్గర ఉంచుకోవాల్సిన సామాను

ఒక మంచి మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, లెడ్డు, ఫ్లక్సు, డీసోల్డర్ పంపు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక లీటరు. పాత టూత్‌బ్రష్‌లు, పిల్లలు వాడే తెల్ల రబ్బరు, కళ్లద్దాలు, మాస్కు. చిన్న స్పేర్ పార్టుల కోసం డాబాగార్డెన్స్, జగదాంబ వైపు ఎలక్ట్రానిక్స్ కొట్లలో అడగండి. స్క్రూలు, కబ్జాలు పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ కొట్లలో దొరుకుతాయి. ఇనుప పని, పౌడర్ కోటింగ్ ఉంటే గాజువాక ఆటోనగర్.

వీటితో పాటు ఒక సిరీస్ బల్బు తయారు చేసుకోవాలి. టీవీ మెకానిక్కుల దగ్గర చూసే ఉంటారు. ఫేజ్ వైరు మధ్యలో ఒక 100 వాట్ల బల్బు హోల్డరు, చివర ఒక సాకెట్టు. ఏ పాత వస్తువైనా ముందు ఈ సాకెట్టులో పెట్టి చూడాలి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు, ఫిలమెంటు ఉన్న పాతరకం బల్బే కావాలి. కొట్లలో తగ్గిపోయాయి కానీ వెతికితే దొరుకుతాయి, కనపడినప్పుడు రెండు కొని పెట్టుకోండి.

ముందు ఫోటోలు, తర్వాత ఆరబెట్టడం

ఒక్క వైరు కూడా పీకకముందే ఫోటోలు తీయండి. ప్రతి కనెక్టరు, ఏ రంగు వైరు ఎక్కడికి వెళ్తోంది, దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి. తర్వాత ప్రతి వైరుకూ కాగితం టేపు చుట్టి పేరు రాయండి. మన పెట్టెల్లో వైరు రంగులకు ఒక పద్ధతి ఉండదు. షాపాయన దగ్గర ఆ రోజు ఏ రంగు ఉంటే అది వేసేవారు, నలుపు ఎర్తే అనుకోవడానికి లేదు.

ఎలుక పెంటికలు ఉంటే పొడి చీపురుతో ఊడ్చకండి, దుమ్ము ముక్కులోకి వెళ్తుంది. మాస్కు పెట్టుకుని, డెట్టాల్ నీళ్లు చల్లి తడిగుడ్డతో ఎత్తేయండి. ఆ తర్వాత వెనక తలుపు తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి నాలుగైదు రోజులు వదిలేయండి. ఎండలో పెట్టాల్సిన పని లేదు. ఎండకు సన్‌మైకా లేస్తుంది, స్టిక్కర్ల రంగు పోతుంది.

పిక్చర్ ట్యూబు దగ్గర ఒంటి చేత్తో

ఇది ప్రాణం మీదకొచ్చే పని, అందుకే నిదానంగా చెబుతాను. కలర్ ట్యూబు మీద రబ్బరు మూత కింద ఉండే కనెక్షన్‌లో ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు పీకేసినా ట్యూబు గాజే ఒక కెపాసిటరులా ఆ చార్జిని పట్టి ఉంచుతుంది. దానికి తోడు కింది బోర్డు మీద పెద్ద ఫిల్టర్ కెపాసిటరులో 300 వోల్టులకు పైన డీసీ నిలిచి ఉండొచ్చు. మన 230 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే 325 వరకు వస్తుంది.

ప్లగ్గు పూర్తిగా బయటికి తీసేయండి, స్విచ్ ఆపితే చాలదు. ఉంగరం, వాచీ, చేతికి కడియం తీసేయండి. కాళ్లకు రబ్బరు చెప్పులు, కళ్లకు అద్దాలు. పొడుగాటి, ప్లాస్టిక్ పిడి ఉన్న చదును స్క్రూడ్రైవరు తీసుకుని, దాని ఇనుప కడ్డీకి రెండు వైపులా క్రొకొడైల్ క్లిప్పులున్న వైరు ఒక క్లిప్పు పెట్టండి. రెండో క్లిప్పు ట్యూబు వెనక భాగం చుట్టూ ఉండే అల్లిక వైరుకు, అంటే ట్యూబు ఎర్తు తీగకు. బోర్డు మీద ఎక్కడో ఒకచోట తగిలించేయకూడదు, ఐసీలు (చిప్పులు) పోతాయి.

ఇప్పుడు ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోండి. రెండు చేతులూ లోపల ఉంటే షాకు గుండె మీదుగా వెళ్తుంది, అందుకే ఈ నియమం. కుడిచేత్తో స్క్రూడ్రైవరు మొనను రబ్బరు మూత కిందికి మెల్లగా తోయండి, మధ్యలో ఉన్న లోహపు కొక్కేనికి తగిలేదాకా. టప్ మని చిన్న చప్పుడు రావచ్చు, రాకపోవచ్చు. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ అలాగే చేయండి, గాజులో మిగిలిన చార్జి మళ్లీ పైకి వస్తుంది. మూడోసారి కూడా చేస్తే నష్టం లేదు. ఫిల్టర్ కెపాసిటరును నేరుగా షార్ట్ చేయకండి. హోల్డరులో పెట్టిన ఫిలమెంటు బల్బు రెండు తీగలను దాని రెండు కాళ్లకూ ఆనిస్తే చార్జి దిగిపోతుంది. తర్వాత మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

ఇది చదువుతుంటే చేతులు వణుకుతున్నాయంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కంచరపాలెంలోనో, గాజువాకలోనో డబ్బా టీవీలు బాగుచేసిన పెద్ద వయసు మెకానిక్ ఎవరైనా ఉంటారు, వెతికి పిలిపించుకోండి. ఈ ఒక్క పనికి ఇచ్చే డబ్బు వృథా కాదు. కాకపోతే పని మొదలయ్యే ముందే చెప్పండి: "మాస్టారూ, బోర్డు మార్చొద్దండి, డ్రై సోల్డర్లు కొట్టి, కెపాసిటర్లు చూసి ఇవ్వండి చాలు." అలా చెప్పకపోతే తేలిక దారి అని కొత్త చైనా కిట్టు వేసేస్తారు. (డ్రై సోల్డరు అంటే పగిలి పట్టు వదిలిన లెడ్డు అతుకు.)

ట్యూబును మెడ పట్టుకుని ఎప్పుడూ ఎత్తకండి. గాజులో ఆ భాగమే అన్నిటికన్నా సున్నితం.

పవర్ సప్లై: ఐదు వోల్టులు ఎక్కడ కొలవాలి?

గేమ్ బోర్డు, మానిటరు రెండింటినీ విడదీసి ముందు పవర్ సప్లై ఒక్కదాన్నే పరీక్షించాలి. సిరీస్ బల్బు సాకెట్టులో పెట్టి స్విచ్ వేయండి. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే లోపల షార్టు లేదు. పూర్తి వెలుగుతో అలాగే ఉండిపోతే షార్టు ఉంది, వెంటనే ఆపేయండి.

కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు (స్విచ్చింగ్ రకం పవర్ సప్లైలు) లోడు లేకపోతే సరైన వోల్టేజీ చూపవు. 12 వోల్టుల లైనుకు బైకు ఇండికేటర్ బల్బు ఒకటి తగిలించి చూడండి. మీటరులో 5 వోల్టులు, 12 వోల్టులు దాదాపు సరిగ్గా వస్తే అప్పుడే బోర్డు దగ్గరికి వెళ్లాలి. సప్లై పూర్తిగా పోతే బాధ లేదు, ఆర్కేడ్ పవర్ సప్లైలు కొత్తవి ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. చరిత్ర ఉండేది బోర్డులో, ట్యూబులో. ఇది మారిస్తే ఏమీ పోదు.

ఉప్పుగాలి చేసే మోసం ఎక్కువగా బయటపడేది ఇక్కడే. గేమ్ మొదలై మధ్యలో రీసెట్ అవుతోంది అనుకుందాం. సప్లై దగ్గర కొలిస్తే 5.1 వోల్టులు, అంతా బాగానే ఉందనిపిస్తుంది. అదే మీటరు ముళ్లను బోర్డు మీద ఏదైనా ఐసీ పవర్ కాళ్ల మీద పెడితే 4.6 వస్తుంది. మధ్యలో అర వోల్టు తినేస్తున్నది తుప్పు పట్టిన కనెక్టరు. ఇలాంటప్పుడు చాలామంది సప్లై మీద ఉన్న చిన్న స్క్రూ తిప్పి వోల్టేజీ పెంచేస్తారు. అది తప్పు. బోర్డు మీది టీటీఎల్ ఐసీలు 4.75 నుంచి 5.25 వరకే తట్టుకుంటాయి. ఈ రోజు పెంచి గేమ్ ఆడిస్తారు, రేపు ఎవరైనా కనెక్టరు కదిపితే కాంటాక్టు బాగుపడి 5.6 బోర్డు నెత్తిన పడుతుంది. కనెక్టరు శుభ్రం చేసి, ఆ తర్వాత బోర్డు మీద 5.0 నుంచి 5.1 మధ్య పెట్టుకోండి. ఎప్పుడూ బోర్డు మీదే కొలవాలి.

జపాన్, అమెరికా పెట్టెలకు మరో మాట. బజారులో స్టెప్ డౌన్ అని అమ్మేవాటిలో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. అవి వోల్టేజీ తగ్గిస్తాయి కానీ మెయిన్స్ నుంచి, అంటే ఇంటి కరెంటు లైను నుంచి, విడదీయవు. ఆర్కేడ్ మానిటర్లలో చాలావాటికి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. పెట్టెలో పాతది ఉంటే దాన్ని తీసేయకండి, దాని ముందు స్టెప్ డౌన్ పెట్టండి.

ఇక ఎర్తు. మన పాత పెట్టెల్లో టూ పిన్ ప్లగ్గే ఉంటుంది. త్రీ పిన్ వేయించి, కంట్రోల్ ప్యానెల్ ఇనుప రేకుకూ, కాయిన్ తలుపుకూ ఎర్తు కలపండి. పిల్లలు చెమట చేతులతో పట్టుకునేది ఆ రేకునే. టీవీ బోర్డులో ఇంటి కరెంటు నేరుగా వచ్చే వైపు (ప్రైమరీ) ఉండే గ్రౌండు మాత్రం మెయిన్స్‌తో కలిసి ఉంటుంది. దాన్ని ఎర్తుకు తగిలించకూడదు.

గేమ్ బోర్డు

1985లో జపాన్ తయారీదారుల సంఘం జామా అనే కనెక్టరు పద్ధతి తెచ్చింది. ఒక వైపు 28, ఇంకో వైపు 28, మొత్తం 56 పిన్నులు. మీ బోర్డు ఈ పద్ధతిదైతే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఏ పిన్ను ఏమిటో ముందే తెలుసు. ఐసీలున్న వైపు 1, 2 గ్రౌండు, 3, 4 ఐదు వోల్టులు, 6 పన్నెండు వోల్టులు, 7 దగ్గర కనెక్టరు తిరగబడకుండా ఒక అడ్డు. 10 స్పీకరు, 12 ఎరుపు, 13 నీలం, 15 టెస్ట్ స్విచ్, 16 కాయిన్, 17 స్టార్టు. చాలా పెట్టెల్లో ఆ 7వ పిన్ను అడ్డు ఎప్పుడో విరిగిపోయి ఉంటుంది. కనెక్టరు మీద మార్కర్‌తో పైవైపు అని రాసి పెట్టుకోండి. స్పీకరు రెండు తీగలూ బోర్డుకే వెళ్లాలి, మైనస్సే కదా అని గ్రౌండుకు కలపకూడదు, యాంప్లిఫయర్ పోతుంది.

బోర్డు అంచున ఉన్న పసుపు, రాగి రంగు పట్టీలు నల్లబడి ఉంటాయి. తెల్ల రబ్బరుతో పొడుగువైపు ఒకే దిశలో మెల్లగా రుద్దండి. నలుపు రబ్బరుకు అంటుకుని పట్టీ మెరుస్తూ బయటపడుతుంది. తర్వాత ఆల్కహాల్ తడిపిన గుడ్డ. సాండ్ పేపర్ వద్దు, పైన పూత లేచిపోయి మళ్లీ ఏడాదికే నల్లబడుతుంది. ఆడ కనెక్టరు లోపలి రేకులు వదులైతే సన్నటి సూదితో కొంచెం ముందుకు వంచాలి. బాగా పచ్చబడిపోతే కనెక్టరే మార్చేయండి, 56 వైర్లూ ఒక్కొక్కటిగా, పాతది పక్కనే పెట్టుకుని.

బోర్డు మీద సాకెట్టులో కూర్చున్న ఐసీలను వేలితో గట్టిగా నొక్కండి. వేసవి వేడికి, వానాకాలం చల్లదనానికి అవి కొద్దికొద్దిగా పైకి లేస్తాయి. నొక్కగానే గేమ్ లేచిన బోర్డులు ఎన్నో. లేవకపోతే ఒక్కొక్కటీ తీసి, కాళ్లు తుడిచి, గాడి ఉన్న వైపు చూసుకుని మళ్లీ పెట్టాలి. గుండ్రటి గాజు కిటికీ ఉన్న ఐసీల మీద స్టిక్కరు ఊడిపోయి ఉంటే వెంటనే నల్ల టేపు వేయండి. అల్ట్రావయొలెట్ కాంతి తగిలితే అందులోని గేమ్ మెల్లగా చెరిగిపోతుంది. అందుకే బోర్డును ఎండలో ఆరబెట్టకూడదు. కడగాల్సి వస్తే సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు, ఆపైన బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్, చివర ఆల్కహాల్. నీడలో, ఫ్యాను కింద, రెండు మూడు రోజులు.

బ్యాటరీ ఉంటే ఆగి చూడాలి. నియో జియో ఎంవీఎస్ బోర్డుల్లో ఉండే 3.6 వోల్టుల చార్జింగ్ బ్యాటరీ కారి, చుట్టూ ఆకుపచ్చ పొక్కులు లేపుతుంది. దాన్ని వెంటనే కోసేయాలి. కారిన చోట తెల్ల వెనిగర్ బ్రష్షుతో రాసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆల్కహాల్‌తో ఆరబెట్టాలి. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97, మెటల్ స్లగ్ ఆడేవాళ్లకు ఈ బోర్డు తెలుసు. క్యాప్‌కామ్ సీపీఎస్ 2 బోర్డు సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందులో గేమ్‌ను తెరిచే తాళంచెవి బ్యాటరీ మీద ఆధారపడి ఉంటుంది. తెలియక పీకితే గేమ్ పోతుంది. మన కుర్రాళ్లంతా ముస్తఫా అని పిలిచే 1993 నాటి కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అసలు బోర్డులోనూ ఇలాంటి బ్యాటరీయే ఉంది. మన షాపుల్లో తిరిగినవి ఎక్కువగా కాపీ బోర్డులు కాబట్టి చాలావాటికి ఈ గొడవ ఉండదు. ఏ బోర్డో తేల్చుకున్నాకే కట్టరు పట్టుకోండి.

స్ట్రీట్ ఫైటర్ 2 బోర్డు ఐతే ఆరు బటన్లు కావాలి కదా. జామాలో ఒక్కో ఆటగాడికి మూడే బటన్లు. కిక్కుల మూడింటికీ బోర్డు మీద వేరే చిన్న కనెక్టరు ఉంటుంది. పంచ్‌లు పడుతూ కిక్కులు పడకపోతే బటన్లు కొనకముందు ఆ కనెక్టరు చూడండి.

అన్నీ అయ్యాక టెస్ట్ స్విచ్ నొక్కితే చాలా బోర్డులు తమను తామే పరీక్షించుకుని మెమరీ, సౌండు, బటన్లు ఒక్కొక్కటీ చూపిస్తాయి.

తెర మీద కనిపించేదాన్ని బట్టి

మానిటరును మొదటిసారి సిరీస్ బల్బు మీదే వేయండి. ట్యూబు చుట్టూ ఉండి, దానికి పట్టిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే (డీగాస్ చేసే) డీగాసింగ్ కాయిల్ కనెక్టరు తీసి పెట్టుకుంటే బల్బు చెప్పేది స్పష్టంగా అర్థమవుతుంది. ఆ కాయిల్ మొదట్లో చాలా కరెంటు లాగుతుంది.

తెర మధ్యలో అడ్డంగా ఒకే ఒక్క తెల్ల గీత వస్తే వర్టికల్ భాగంలో లోపం. వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించండి, లేకపోతే ఆ గీత తెరకు కాలి మచ్చ పడిపోతుంది. ఎక్కువసార్లు వర్టికల్ ఐసీ కాళ్ల దగ్గర డ్రై సోల్డరే కారణం. భూతద్దంతో చూస్తే కాలి చుట్టూ సన్నటి నల్ల ఉంగరం కనిపిస్తుంది. పాత లెడ్డు లాగేసి కొత్తది వేస్తే చాలు. ఈహెచ్‌టీ (ట్యూబుకు హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు) కాళ్లు, మెడ మీద ఉండే చిన్న బోర్డు కాళ్లు కూడా ఇలాగే చూడాలి. ఒక రంగు లేకపోతే ముందు వీడియో వైరు, తర్వాత మెడ బోర్డు. బొమ్మ పక్కకు జారుతూ, చిరిగినట్టు ఉంటే సింక్ వైరు (బొమ్మను నిలకడగా ఉంచే సిగ్నల్‌ది). మూలల్లో రంగు మరకలుంటే డీగాస్ చేయాలి, స్పీకరు అయస్కాంతం ట్యూబుకు దగ్గరగా ఉందేమో కూడా చూడండి.

బొమ్మ అంచులు వంగి, పైభాగం మడతపడితే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయాయని. అన్నీ ఒకేసారి మార్చుకోవడం మంచిది. 105 డిగ్రీలవి కొనండి, మైక్రోఫారడ్ విలువ అదే, వోల్టేజీ అంతే లేదా ఇంకొంచెం ఎక్కువ. మైనస్ గీత ఎటుందో తీసే ముందే బోర్డు మీద గుర్తు పెట్టుకోవాలి, తిరగేస్తే పేలుతుంది.

ట్యూబు పూర్తిగా పోయి వేరే తెర పెట్టక తప్పకపోతే ఒకటి తెలుసుకోండి. ఈ బోర్డుల వీడియో 15 కిలోహెర్ట్జ్‌ది. మామూలు కంప్యూటర్ మానిటర్లలో చాలావరకు దాన్ని తీసుకోవు, మధ్యలో కన్వర్టర్ బోర్డు కావాలి.

జాయ్‌స్టిక్, బటన్లు

పని చేయని బటన్లలో చాలావరకు తుప్పు పట్టిన కొక్కేలే కారణం. వైరు చివర ఉండే ఇత్తడి కొక్కెం తీసి, మైక్రోస్విచ్ కాళ్లు తుడిచి, కొత్త కొక్కెం నొక్కి పెట్టండి. మూడు కాళ్లలో కామన్, ఎన్‌ఓ (నార్మల్లీ ఓపెన్) అని రాసి ఉన్నవే మనకు కావాలి. పాత రకం లీఫ్ స్విచ్ అయితే రెండు రేకుల మధ్య ఆల్కహాల్ తడిపిన విజిటింగ్ కార్డు ముక్క పెట్టి, రేకులు నొక్కి లాగండి. రెండు మూడుసార్లకు కాగితం మీద నల్లటి చార రావడం ఆగిపోతుంది.

జాయ్‌స్టిక్ బిగుసుకుపోతే కొబ్బరి నూనె వేసే అలవాటు మన దగ్గర ఉంది. కొన్నాళ్లకు అది జిగురుగా మారి, దుమ్ము పట్టి, ఇంకా బిగుస్తుంది. పాతది పూర్తిగా తుడిచి సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. ప్యాక్‌మన్ లాంటి గేములకు నాలుగు దిక్కులే కావాలి, ఫైటింగ్ గేములకు ఎనిమిది. కర్ర కింద ఉండే ప్లాస్టిక్ పలక తిప్పిపెట్టి చాలా జాయ్‌స్టిక్‌లలో దీన్ని మార్చుకోవచ్చు.

చెక్క, సన్‌మైకా, బొమ్మలు

పుచ్చిన అడుగుభాగాన్ని మాత్రమే కోసి కొత్త చెక్క అతికించాలి, పెట్టె మొత్తం మార్చనక్కర్లేదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి, పాత చెక్క మందాన్ని బట్టి 18 లేదా 19 మిల్లీమీటర్లు. అతుకు దగ్గర రెండింటినీ సగం సగం మందానికి చెక్కి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టమని కార్పెంటరుకు చెప్పండి. నీటిని తట్టుకునే జిగురు, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు. మామూలు స్క్రూలు ఇక్కడ ఎంతకాలం నిలుస్తాయో మీ ఇంటి తలుపు కబ్జాలే చెబుతాయి. కోసిన ప్రతి అంచుకూ ప్రైమర్ పూయించండి, నీళ్లు పీల్చేది అంచులే. పెట్టె కింద రబ్బరు బుష్షులు వేసి అంగుళమైనా పైకి లేపితే ఇల్లు తుడిచిన నీళ్లు తగలవు.

పక్కన బొమ్మలు చిరిగి ఉన్నా సరే సాండ్ పేపర్ పెట్టకముందు నేరుగా ఎదురు నుంచి, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసుకోండి. ఇక్కడి ఆర్టిస్టులు చేత్తో వేసిన బొమ్మలు కొన్ని పెట్టెల మీద ఉంటాయి. అలాంటివి దొరికితే చెరపకండి, తుడిచి పైన క్లియర్ వార్నిష్ వేయండి, అటువంటిది ఇంకోటి ఎక్కడా ఉండదు. మిగతావాటికి ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో వినైల్ స్టిక్కరు మీద ప్రింటు తీసి లామినేషన్ చేయిస్తే సరిపోతుంది. పైన వెలిగే బోర్డుకు బ్యాక్‌లిట్ షీటు, ట్యూబ్‌లైటు బదులు ఎల్‌ఈడీ పట్టీ. ఇందులో నాకు అభ్యంతరం లేదు, వేడి తగ్గుతుంది, ప్రింటు రంగు నిలుస్తుంది.

కాయిన్

తొంభైల నాటి పెట్టె రూపాయి బిళ్ల మింగడం లేదంటే చెడిపోయిందని అనుకోకండి. అప్పటి రూపాయి 25 మిల్లీమీటర్లు. 2011 నుంచి వచ్చిన కొత్త రూపాయి దాదాపు 22 మిల్లీమీటర్లే. పాత దారిలోంచి అది జారిపోతుంది. ఇంట్లో పాత బిళ్లలు పది పక్కన పెట్టుకోవడం ఒక మార్గం. నమూనా నాణెం పెట్టి పోల్చే ఎలక్ట్రానిక్ కాయిన్ యంత్రం వేయడం ఇంకో మార్గం. పాతది తీస్తే పారేయకుండా కవరులో చుట్టి పెట్టె లోపలే ఉంచండి. ఒక కాయిన్‌కు ఎన్ని ఆటలు, ఎన్ని లైఫులు అన్నవి బోర్డు మీద వరసగా ఉండే చిన్న చిన్న డిప్ స్విచ్‌లతో మారుతాయి.

బాగయ్యాక

సముద్రం వైపు కిటికీకి ఎదురుగా పెట్టకండి. గోడకు ఆరు అంగుళాలు ఎడంగా, గాలి ఆడేలా ఉంచండి. వారానికి ఒకసారైనా అరగంట ఆన్ చేయండి, లోపలి వేడికి తేమ పోతుంది. బోర్డు దగ్గర సిలికా జెల్ పొట్లాలు పెట్టి వానాకాలంలో మారుస్తూ ఉండండి. పిడుగుల వాన వస్తే ప్లగ్గు తీసేయండి. ఏడాదికోసారి జామా కనెక్టరు తీసి అదే రబ్బరుతో తుడవండి.

చివరి పని, వెనక తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించడం. బోర్డు మీద కొలిచిన వోల్టేజీ ఎంత, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లది, డిప్ స్విచ్‌లు ఎలా ఉన్నాయి, కెపాసిటర్లు ఏ నెలలో మార్చారు, ఏ వైరు రంగు దేనికి, అన్నీ తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి పైన పారదర్శక టేపు వేయండి. రేపు ఈ పెట్టె తెరిచేది మీరే కానక్కర్లేదు.